ఇంతలు కన్నులుండగా: పాత ప్రేమ పద్యంలో మాటల్ని పట్టి చూడడం ఎలా

పాత పద్యం ఒకటి చేతికిచ్చి "ఇందులో కవి ఎంచుకున్న మాటల గురించి, పదచిత్రాల గురించి రాయండి" అనగానే పిల్లలకు టెన్షన్ పట్టుకుంటుంది. గైడు తెరుస్తారు, "కవి ఉపమాలంకారమును రమ్యముగా వాడెను" అని ఒక వాక్యం ఎక్కిస్తారు, ఊపిరి పీల్చుకుంటారు. ఆ వాక్యాన్ని ఏ పద్యం కింద రాసినా సరిపోతుంది. పద్యం చదవకుండానే రాయొచ్చు. చాలామంది రాసేది అలాగే.

నేను తెలుగు పండితుణ్ణి కాను. నెల్లూరులో ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. డిగ్రీలో స్పెషల్ తెలుగు చదివిన పుణ్యానికి ఆదివారం సాయంత్రం మా మూలాపేట ఇంటి వసారాలో నలుగురైదుగురు పిల్లలు పుస్తకాలతో చేరతారు. వాళ్ళకు నేను చెప్పే పద్ధతి మిల్లులో నేర్చుకున్నదే. ధాన్యం లారీ వస్తే మా పెద్ద గుమాస్తా సంచిలోకి ఇనప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీస్తాడు. అరచేతుల మధ్య నలిపి, ఊక ఊది, నూక ఎంతుందో చూస్తాడు. చివరికి ఒక గింజ పంటికింద పెట్టి కొరుకుతాడు. టక్కున విరిగితే ఆరిన ధాన్యం, మెత్తగా నలిగితే తేమ. లారీ అంతా ఆయన చూడడు, ఆ గుప్పెడే చూస్తాడు గానీ బాగా చూస్తాడు. మీరూ పద్యమంతా ఒక్కసారే మీద వేసుకోకుండా గుప్పెడు మాటలు తీసి కొరికి చూడండి.

ముందు సరంజామా. నోటుబుక్కులో పద్యాన్ని పెద్ద అక్షరాలతో, లైనుకూ లైనుకూ మధ్య రెండు లైన్ల ఖాళీ వదిలి, మీ చేత్తో రాసుకోండి. ఫోనులో ఫొటో తీసుకుంటే చాలదు, రాసేటప్పుడే సగం అనుమానాలు బయటపడతాయి. రెండు రంగుల పెన్సిళ్ళు పెట్టుకోండి. నిఘంటువు ఒకటి కావాలి. శబ్దరత్నాకరం దొరికితే సరే, లేకపోతే ఆంధ్రభారతి సైటులో పాత నిఘంటువులన్నీ ఒకేచోట వెతకొచ్చు. ఇంకొకటి, ఇంట్లో అరవై దాటిన మనిషి ఎవరైనా ఉంటే వాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకోండి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

పద్యం ఏది? నేను ఎప్పుడూ మనుచరిత్రలోనే మొదలుపెడతాను, రెండో ఆశ్వాసంలో ప్రవరుడూ వరూధినీ ఎదురుపడే చోట. అల్లసాని పెద్దన దీన్ని శ్రీకృష్ణదేవరాయలకు అంకితమిచ్చాడు. ఆ రాయలే 1514లో మన ఉదయగిరి కోటను గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్నాడు. ఇంకా వెనక్కి వెళ్తే, పెద్దన తీసుకున్న కథ మార్కండేయపురాణంలోది. దాన్ని ఆయనకంటే రెండు వందల ఏళ్ళ ముందే తెలుగు చేసిన మారన, నెల్లూరు తిక్కన గారి శిష్యుడు. ప్రవరుడు మన ఊరివాడు కాడు గానీ మన ఊరి గడపకు మరీ దూరపువాడూ కాడని పిల్లలతో అంటుంటాను.

కథ రెండు ముక్కల్లో. ప్రవరుడు నిష్ఠాపరుడైన బ్రాహ్మణుడు, పెళ్ళయినవాడు. ఒక సిద్ధుడు కాళ్ళకు పసరు పూస్తే దాని మహిమతో హిమాలయాలకు వెళ్ళాడు. అక్కడ ఎండకు కరిగిన మంచునీళ్ళలో పసరు కొట్టుకుపోయింది, ఇక తిరిగి వచ్చే దారి లేదు. దిక్కులు చూస్తూ తిరుగుతుంటే వరూధిని అనే అప్సరస కనిపించింది. అతను ఇలా అడిగాడు:

ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ! యొంటిఁ జరించె దోట లే
కివ్వనభూమి? భూసురుఁడ నేఁ బ్రవరాఖ్యుఁడఁ ద్రోవ తప్పితిం
గ్రొవ్వున నిన్నగాగ్రమునకుం జనుదెంచి. పురంబుఁ జేర నిం
కెవ్విధిఁ గాంతుఁ? దెల్పఁగదవే! తెరు వెద్ది? శుభంబు నీ కగున్.

ఆమె జవాబు:

ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర! యే
కాంతమునందు నున్న జవరాండ్ర నెపంబిడి పల్కరించు లా
గింతియ కాక నీ వెఱుఁగవే మును వచ్చిన త్రోవచొప్పు? నీ
కింత భయంబు లే కడుగ నెల్లిదమైతిమె? మాట లేటికిన్.

అర్థం కాలేదా? పర్వాలేదు. ఇప్పుడే కాకూడదు కూడా.

మొదటి పని: గొంతెత్తి చదవండి

మూడుసార్లు. మొదటిసారి తడబడతారు, రెండోసారి నాలుక అలవాటు పడుతుంది, మూడోసారి చెవి వినడం మొదలుపెడుతుంది. అరసున్న (ఁ) కనిపిస్తే దాన్ని పలకకుండా దాటిపోండి. చదువుతూ ప్రతి లైనులో రెండో అక్షరం కింద గీత గీయండి. అతని పద్యంలో ఎవ్వ, కివ్వ, గ్రొవ్వు, కెవ్వి అని వకారం వత్తు పదేపదే వస్తుంది. ఇది ప్రాస. పద్యంలో అడుగు పడే చోటు తెలియనివాళ్ళకు మెట్ల పక్కనుండే కొయ్య కమ్మీ లాంటిది, పట్టుకొని ఎక్కొచ్చు. ఆ వ్వ వ్వ అనే చప్పుడు నాకైతే కొండెక్కి ఆయాసపడుతున్నవాడి మాటలా వినిపిస్తుంది. మీకు అలా వినపడకపోతే వదిలేయండి, పరీక్షలో రాయాల్సిన సంగతేమీ కాదు.

ఆమె పద్యంలో ప్రాస మాత్రం వదిలేసేది కాదు. రెండో అక్షరం "ంత". నాలుగు లైన్లలో మూడింటి మొదట్లో ఆ ప్రాసను మోస్తున్నది "ఇంత" అనే మాటే: ఇంతలు కన్నులు, ఇంతియ కాక, ఇంత భయంబు లేక. "ఇంత" అనే మాట చేతులు కదపకుండా అనడం కష్టం. ఇంతింత కళ్ళు అంటూ వేళ్ళు చాపుతాం. ఇంతే కదా అంటూ చెయ్యి విదిలిస్తాం. ఇంత ధైర్యమా అంటూ చెయ్యి నడుముకు చేరుతుంది. ఆమె చేతులు ఎలా కదిలాయో పెద్దన ఎక్కడా చెప్పలేదు, ప్రాస అక్షరంలో పెట్టేశాడు.

రెండో పని: మాటల్ని విడదీయండి

పాత పద్యంలో మాటలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని నిలబడతాయి. వాటిని విడదీయడానికి వ్యాకరణమంతా అక్కర్లేదు, రెండు కిటుకులు చాలు.

ఒకటి: అరసున్న తర్వాతో, సున్న తర్వాతో గ, జ, డ, ద, బ కనిపిస్తే అది అసలు క, చ, ట, త, ప ఏమో అని అనుమానించండి. "బ్రవరాఖ్యుఁడ" అని ఏ నిఘంటువులో వెతికినా దొరకదు, ప్రవరాఖ్యుఁడ అనుకుంటే దారిన పడుతుంది. అలాగే జరించె అంటే చరించె, ద్రోవ అంటే త్రోవ, గ్రొవ్వున అంటే క్రొవ్వున, దెరువు అంటే తెరువు. బళ్ళో దీన్నే సరళాదేశం అని బట్టీ పట్టించి ఉంటారు. ఎందుకు పనికొస్తుందో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు.

రెండు: ఇ, అ, ఎ తర్వాత అక్షరం వత్తుతో బరువెక్కితే అక్కడ ఈ, ఆ, ఏ దాక్కుని ఉండొచ్చు. ఇవ్వనభూమి అంటే ఈ వనభూమి. ఎవ్విధి అంటే ఏ విధం. ఇన్నగాగ్రము అంటే ఈ నగాగ్రము. మా పిల్లల్లో ఒకమ్మాయి నగ అనగానే హారమో వడ్డాణమో అనుకొని "కొండ మీద నగలేంది?" అంది. నగం అంటే సంస్కృతంలో కదలనిది, కొండ. నగాగ్రం అంటే కొండకొమ్ము.

ఈ విడదీయడంలో నేను పడ్డ బోల్తా ఒకటి చెప్పాలి. డిగ్రీ మొదటి సంవత్సరంలో క్లాసులో లేపి ఈ పద్యానికి అర్థం చెప్పమన్నారు. "జరించె దోట లేకివ్వనభూమి" చూశాను. సరళాదేశం అప్పుడే వచ్చినట్టుంది, ఎక్కడ ద కనిపిస్తే అక్కడ త పెట్టేస్తున్నాను. దోట అంటే తోట! "తోట లేక ఈ అడవిలో తిరుగుతున్నావు" అని గట్టిగా చెప్పాను. క్లాసంతా ఒక క్షణం నిశ్శబ్దం, తర్వాత నవ్వు. లెక్చరరు గారు నవ్వకుండా, "వాళ్ళింటి పక్కన పార్కు లేదురా పాపం, అందుకే హిమాలయాలకొచ్చింది" అన్నారు. మూడేళ్ళూ నన్ను తోట అనే పిలిచారు. అక్కడ ఉన్నది చరించెదు, ఓట, లేక. ఓట అంటే జంకు, భయం. భయం లేకుండా ఈ అడవిలో ఒంటరిగా తిరుగుతున్నావు అని. కిటుకు ఎక్కడ వాడాలో చూసి వాడండి. విడదీశాక వాక్యం నడవకపోతే తప్పు మీ కత్తిరింపులో ఉంది, పెద్దనలో కాదు.

మూడో పని: చచ్చిపోయాయనుకున్న మాటల్ని ఇంట్లో వెతకండి

తెలియని మాటల కింద గీత గీసి వెంటనే నిఘంటువు తీయకండి. ముందు పక్కనున్న పెద్దమనిషిని అడగండి, లేదా మీరే నోట్లో తిప్పి చూడండి. తెరువు అంటే దారి. ఎక్కడా వినలేదంటారు, కానీ బతుకుతెరువు అనే మాట రోజూ వింటారు. బతకడానికి దారి. క్రొవ్వున అంటే గర్వంతో. "వాడికి కొవ్వెక్కింది" అని మా వీధిలో రోజుకొకసారైనా ఎవరో ఒకరిని ఎవరో ఒకరు అంటారు. ఒక బ్రాహ్మణుడు, అంత నిష్ఠాపరుడు, తనను తాను "కొవ్వెక్కి కొండెక్కాను" అనుకుంటున్నాడన్నమాట. అతని మాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. త్రోవ తప్పినవాడికి తప్పెవరిదో తెలుసు.

చొప్పు అంటే జాడ. ఇప్పుడు కేజీ ఇంత చొప్పున అంటున్నాం గానీ, పాత అర్థం అడుగుజాడ. నెపం ఇంకా బతికే ఉంది, అనారోగ్యం నెపంతో సెలవు పెడుతూనే ఉన్నాం. జవరాలు అంటే పడుచుపిల్ల, జవరాండ్రు బహువచనం. ఎల్లిదం ఒక్కటే నిజంగా పోయింది. అంటే చులకన, అలుసు. మా వసారాలో ఈ మాట దగ్గర ఆగితే, లోపల కూర ముక్కలు తరుగుతున్న మా పిన్ని, "అలుసైపోయినామా అంటా ఉండాది, అంతే గదా?" అని అక్కణ్ణుంచే కేకేసింది. ఆమెకు చదువు ఐదో తరగతి వరకే. నిఘంటువు తెరవాల్సిన పనే లేకుండా పోయింది.

నాలుగో పని: రెండు రంగులు వేయండి

ఇక్కడ కాసేపు కూర్చోవాలి. సంస్కృతం మాటలకు ఒక రంగు, తెలుగు మాటలకు ఒక రంగు వేయండి. ఏది ఏదో తెలియకపోతే సమాసాలను బట్టి పోల్చుకోండి. పొడుగాటి గొలుసులా ఉంటే చాలావరకు సంస్కృతం. రంగు వేసిన కాగితాన్ని కొంచెం దూరంగా పెట్టి చూడండి. రంగు మారే చోట కవి ఏదో చేస్తున్నాడు.

దీనికి పై రెండు పద్యాలకంటే వాటికి కొంచెం ముందు వచ్చే కందం అనే చిన్న పద్యం బాగా పనికొస్తుంది. వరూధిని ఇంకా కనపడలేదు, ప్రవరుడు దిక్కుతోచక నిలబడి ఉన్నాడు:

మృగమదసౌరభవిభవ
ద్విగుణితఘనసారసాంద్రవీటీగంధ
స్థగితేతరపరిమళమై
మగువ పొలుపుఁ దెలుపు నొక్క మారుత మొలసెన్.

మొదటి మూడు లైన్లూ ఒకే రంగు. మృగమదం అంటే కస్తూరి, ఘనసారం అంటే కర్పూరం, వీటీ అంటే తాంబూలం, స్థగితం అంటే కప్పబడినది. కస్తూరి పరిమళంతో రెండింతలై, కర్పూరంతో చిక్కబడిన తాంబూలం వాసన, తక్కిన వాసనలన్నిటినీ కప్పేస్తూ వచ్చింది. ఒక్కటే సమాసం, విరుపు లేదు, ఊపిరి తీసుకునే సందు లేదు. వాసన ఎంత చిక్కగా ఉందో మాటల అల్లికా అంత చిక్కగా ఉంది. నాలుగో లైనులో రంగు మారిపోతుంది. మగువ, పొలుపు, తెలుపు, ఒక్క, ఒలసెన్: అన్నీ చిన్న చిన్న తెలుగు మాటలు. మారుతం ఒక్కటే సంస్కృతం, అదీ తేలికైనదే. ఒక ఆడమనిషి ఉనికిని తెలిపే గాలి ఒకటి వీచింది. మూడు లైన్ల బరువు తర్వాత నాలుగో లైనులో నిజంగానే గాలి ఆడుతుంది. గొంతెత్తి చదివినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, ఊపిరితిత్తులకే తెలుస్తుంది.

"స్థగితేతరపరిమళమై" అంటే పిల్లలకు ఎలా చెప్పాలా అని చాన్నాళ్ళు తికమకపడ్డాను. ఒక ఆదివారం పక్కింట్లో చేపల పులుసు ఉడుకుతోంది, మామిడికాయ వేసి. వసారాలో గూట్లో అగరొత్తి వెలుగుతోంది, ఒకమ్మాయి జడలో మూరెడు మల్లెపూలున్నాయి. "ఇప్పుడు మీకేం వాసన వస్తోంది?" అన్నాను. అందరూ ఒక్కటే మాట చెప్పారు. మల్లెలూ ఉన్నాయి, అగరొత్తీ ఉంది, కానీ పులుసు వాటన్నిటి మీదా దుప్పటి కప్పేసింది. స్థగితం అంటే అదీ. కస్తూరి స్థానంలో పులుసును పెట్టినందుకు పెద్దన గారు క్షమించాలి. నెల్లూరులో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఐదో పని: మాట మార్చి చూడండి

మాట ఎంపిక గురించి రాయమంటే ఇదొక్కటి చేసినా సగం జవాబు వచ్చేస్తుంది. పద్యంలో ఒక మాట తీసేసి, దాదాపు అదే పని చేసే ఇంకో మాట పెట్టండి. ఏం పోయిందో చూడండి. ఛందస్సు సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

తాంబూలం తీసేసి మల్లెలు పెడదాం. కొండ మీద మల్లెల వాసన వచ్చింది. అయితే ఏమవుతుంది? ఏదో పొద ఉందనుకుంటాడు ప్రవరుడు, అడుగు ముందుకు వేయడు. చందనం పెడదాం. కొండల్లో చందనం చెట్లుంటాయిలే అనుకుంటాడు. తాంబూలం ఏ చెట్టుకూ కాయదు. ఆకు, వక్క, సున్నం, కర్పూరం ఒకచోట చేర్చి ఎవరో చుట్టాలి, ఎవరో నమలాలి. అది మనిషి నోటి నుంచి వచ్చే వాసన. అందుకే తర్వాతి పద్యంలో ప్రవరుడు ఆ పరిమళాన్ని పట్టుకొని "జనాన్విత మిచ్చోటు", ఇక్కడెవరో మనుషులున్నారు అని తేల్చుకొని అటు నడుస్తాడు. వాసన అందం కోసం పెట్టిన అలంకారం కాదు, కథను నడిపించే ఆనవాలు. పైగా ఆకు నములుతూ తీరిగ్గా ఉన్న మనిషి అని కూడా తెలిసిపోయింది. దారి తప్పి ఆదుర్దాగా ఉన్నవాడికి ఎదురుగా తీరికగా తాంబూలం వేసుకుంటున్న ఆమె. వీళ్ళిద్దరికీ కుదరదని ముక్కుకు ముందే తెలిసిపోతుంది.

అయితే ప్రతి మాటకూ ఇంత బరువు కట్టకండి. "మగువ" తీసుకోండి. ఇంతి, పడతి, కలికి, చెలువ, నెలత ఇన్ని ఉండగా మగువే ఎందుకు? దీనికి గొప్ప భావం వెతకబోయి ఒకబ్బాయి పేజీన్నర రాశాడు. సంగతేమిటంటే ఈ కందానికి ప్రాస గకారం, కాబట్టి ఆ మాటలో రెండో అక్షరం గ గుణింతంలోదే కావాలి. నాలుగో లైనులో యతి, అంటే లైను మొదటి అక్షరానికీ 'మారుతం'లోని మొదటి అక్షరానికీ పొత్తు, కుదరాలంటే ఆ మొదటి అక్షరం మ కావాలి. మ, గ రెండూ ఉన్న మాట మగువ. ఛందస్సు పెట్టిన గుమ్మంలో సరిగ్గా పట్టిన మాట అది. కవి దాన్ని అందంగా పట్టించాడు, అంతవరకే. ఏ మాట ఛందస్సు అడిగింది, ఏ మాట కవి ఏరుకున్నాడు అని విడదీయడం తెలిస్తే మీ జవాబులో నూక తగ్గుతుంది.

ఆరో పని: పోలికల దగ్గర ఎక్కువసేపు ఆగకండి

మెరుపుతీగ లాంటి ఒళ్ళు, తామర కళ్ళు, తుమ్మెదల జుట్టు, చంద్రుడి ముఖం. ప్రవరుడు ఆమెను చూసిన పద్యంలో ఇవన్నీ వరసగా ఉంటాయి. ఇవి అప్పటి కవులందరి కొట్లోనూ దొరికే సరుకే. ఆ వరసలో మెరుపుతీగ ముందు రావడం మాత్రం గమనించండి. మెరుపు మొదట కళ్ళకు కొడుతుంది, తర్వాతే కదా వివరాలు కనపడేది. మిగిలినవి పేర్లు రాసి ముందుకు వెళ్ళండి.

ఏడో పని: చిట్టా రాయండి

ఇక నా వృత్తి విద్య. పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క అతను ఇచ్చిన మాటలు, కుడి పక్క ఆమె తిరిగి ఇచ్చిన మాటలు. ప్రేమ పద్యాల్లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఇంతకు మించిన పద్ధతి నాకు తెలియదు. మాట అందంగా ఉందా అని కాదు, అది ఎవరి నోట్లోంచి వచ్చి ఎవరి చేతికి పోయింది, ఏ రూపంలో తిరిగొచ్చింది అని చూడాలి.

అతను ఆమె కళ్ళతో మొదలుపెట్టాడు: భీతహరిణేక్షణ, బెదిరిన లేడి కళ్ళదానా. ఆమె కూడా కళ్ళతోనే మొదలుపెట్టింది, కానీ అతని కళ్ళతో: ఇంతలు కన్నులుండగా. సంస్కృత సమాసంగా వెళ్ళిన కన్ను పచ్చి తెలుగులో తిరిగొచ్చింది.

అతను "ఒంటిఁ జరించెదు" అన్నాడు. ఆమె దాన్ని "ఏకాంతము" చేసింది. ఒంటరితనం అంటే జాలి, ఏకాంతం అంటే ఇంకేదో. అదే సంగతి ఆమె నోట్లో రంగు మార్చుకుంది.

అతను "త్రోవ తప్పితి" అంటే ఆమె "వచ్చిన త్రోవచొప్పు తెలియదా" అంది. అతను "తెరువెద్ది" అంటే ఆమె "తెరువెవ్వరి వేఁడెదు" అంది. "భూసురుఁడ" అంటే "భూసురేంద్ర" అంది, ఒక మెట్టు ఎక్కించి వెటకారంగా.

ఇక అసలైన పద్దు. అతను "ఓట లేక", భయం లేకుండా తిరుగుతున్నావే అన్నాడు. ఒకే లైనులో ఆమెను భీత అని పిలిచి, భయం లేదనీ అన్నాడు చూడండి. బెదురు ఆ లైనులోనే ఉంది, కానీ ఎవరిదో అతనికి తెలియడం లేదు. ఆమె చివరి లైనులో ఆ మాటనే అతని మీదకు తిప్పింది: "నీకింత భయంబు లేకడుగ", ఇంత భయం లేకుండా అడగడానికి మేం అంత చులకనైపోయామా? శాస్త్రాలు చదివినవాడు ఓట అనే తెలుగు మాట వాడితే, ఆమె భయం అనే సంస్కృత మాటతో బదులిచ్చింది. వాళ్ళ భాషలు ఆ ఒక్క క్షణం చేతులు మారాయి.

ఇంకో చిన్న సంగతి. అయితిమె అంటే అయ్యామా అని. ఆమె ఒక్కతే ఉంది, మాట్లాడేది మాత్రం "మేము" అని. జవరాండ్రు కూడా బహువచనమే. ఆ కొండ మీద ఆమె వెనకాల ఆడవాళ్ళందరూ నిలబడి ఉన్నట్టు మాట్లాడుతుంది.

ఎనిమిదో పని: మీ ఊరి నోటితో చెప్పండి

చిట్టా అయ్యాక పుస్తకం మూసి, ఆ పద్యాన్ని మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో ఒక్కసారి చెప్పండి. "ఓ బ్రాహ్మణోత్తమా, విశాల నేత్రములుండగా" అని మొదలుపెడితే పద్యం ఇంకా ఒంటికి పట్టలేదని అర్థం. మా దగ్గర ఒకమ్మాయి చెప్పింది, నేను పక్కన రాసుకున్నాను:

"ఏం సామీ, ఇంతింత కళ్ళు పెట్టుకొని దారి ఎవర్ని అడగతా ఉండావు? ఒంటిగా ఉండే ఆడపిల్లోళ్ళని ఏదో వంక పెట్టి పలకరించాలని గానీ, వచ్చిన దోవ నీకు తెలీదా ఏంది? జంకూ గొంకూ లేకుండా అడగతా ఉండావే, మేం అంత అలుసైపోయినామా? ఊరికే మాటలెందుకులే."

ఇలా చెప్పాక వెనక్కి వెళ్ళి పద్యం మళ్ళీ చదవండి. ఇప్పుడు అందులో కోపం లేదని తెలుస్తుంది. దారి అడిగినవాడిని నిజంగా తరిమేయాలనుకుంటే ఒక్క మాట చాలు, నాలుగు లైన్ల పద్యం అక్కర్లేదు. "మాటలేటికిన్" అంటూనే మాట పొడిగించింది. మా పిన్ని దీన్ని విని, "ఆ పిల్లకి వాడు నచ్చినాడు" అని తేల్చేసి లోపలికి పోయింది.

చివరగా చిట్టాలో బాకీలు చూడండి. అతను ఇచ్చినవాటిలో ఆమె తిరిగివ్వని మాటలేవి? కొవ్వు తిరిగివ్వలేదు. ప్రవరుడని పేరు చెప్పుకున్నాడు, ఆమె ఆ పేరు పెట్టి పిలవలేదు. నీకు శుభం కలగాలి అన్నాడు, దానికీ బదులు లేదు. వీటిని వదిలేయొచ్చు. ఒకటి మాత్రం పిల్లలు ప్రతిసారీ ఆలస్యంగా కనిపెడతారు. మూడో లైను చివర్న ఉంది: "పురంబుఁ జేర". ఊరు చేరాలి, ఇల్లు చేరాలి. అతను దారి అడిగిందే దాని కోసం. అతని కళ్ళు, ఒంటరితనం, భయం, దారి అన్నీ ఏరుకొని తిరిగిచ్చిన ఆమె, ఈ ఒక్క మాటను ముట్టుకోలేదు. కథలో తర్వాత ఎంత జరిగినా, ఎంత బతిమాలినా, ప్రవరుడు చివరికి అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఆ పురానికే వెళ్ళిపోతాడు. మా ఆదివారం నోటుబుక్కులో కుడి పక్క గడి అక్కడ ఖాళీగానే ఉంటుంది, మేం దాన్ని పూరించం.